“దేవుడు నాతో ఎందుకు మాట్లాడడం లేదు, టీచర్?” అని అడిగే పిల్లలకు సమూయేలు కథ ఎలా చెప్పాలి

వందనాలు సహోదరీ. తరువాత చదివేవారికి కూడా విషయం తెలియాలి కాబట్టి ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తున్నాను. మీ సంఘంలో నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ వరకు పిల్లలందరూ సండే స్కూలుకు ఒకే గదిలో కూర్చుంటారు. ఈ నెల నాలుగు ఆదివారాలకు ‘దేవుని మాట వినడం’ అనే అంశం ఇచ్చారు. మొదటి ఆదివారం బాల సమూయేలు కథ చెప్పారు: మందిరంలో యాజకుడైన ఏలీ దగ్గర పెరుగుతున్న సమూయేలును రాత్రివేళ దేవుడు పేరు పెట్టి పిలిస్తే, ఏలీ పిలిచాడనుకుని ‘చిత్తమండి’ అంటూ పరుగెత్తిన కథ. ఆ తరువాత ఒక బాబు మీ దగ్గరకు వచ్చి, “రాత్రి నేను కూడా చిత్తమండి అన్నాను, దేవుడు ఏమీ అనలేదు” అని చెప్పాడు. ఒక పాపయితే చీకట్లో ఎవరో పేరు పెట్టి పిలుస్తారేమోనని భయపడి సరిగా నిద్రపోవడం లేదని వాళ్ళ అమ్మ చెప్పింది. మిగిలిన ఆదివారాలు ఎలా నడపాలి, ఆ ఇద్దరికీ ఏమి చెప్పాలి అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా చిన్నపిల్లల తరగతి చెబుతున్నాను, కొత్తగా వచ్చే టీచర్లకు పాఠం తయారు చేసుకోవడం కూడా నేర్పుతున్నాను. ఈ రెండు మాటలూ నేను చూసిన దాదాపు ప్రతి తరగతిలో ఏదో ఒక రూపంలో వచ్చినవే. మీ పాఠం దారి తప్పిందని అనుకోకండి. పిల్లలు కథను నిజంగా విన్నారు కాబట్టే ఈ ప్రశ్నలు వచ్చాయి.

ఆ పాప సంగతి ముందు చూడండి. ఆదివారం దాకా ఆగవద్దు. ఈ వారంలోనే వాళ్ళ ఇంటికి వెళ్ళి, అమ్మ పక్కన ఉండగా మాట్లాడండి. కథలో మనం తరచుగా దాటవేసే ఒక విషయం ఆ పాపకు చెప్పండి. సమూయేలు పడుకున్న చోట కటిక చీకటి లేదు. దేవుని దీపం ఇంకా ఆరిపోలేదని మొదటి సమూయేలు 3వ అధ్యాయం 3వ వచనంలోనే ఉంది. సాయంకాలం నుంచి ఉదయం వరకు ఒలీవ నూనెతో ఆ దీపం వెలగాలని నిర్గమకాండంలో దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. పేరు వినిపించగానే సమూయేలు భయపడ్డాడని కూడా ఆ వచనాల్లో ఎక్కడా లేదు. తాతలాంటి ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు, అంతే. మరో మాట కూడా చెప్పండి: “నువ్వు మెలకువగా కాచుకుని ఉండనవసరం లేదమ్మా. నువ్వు నిద్రపోతే దేవుని మాట తప్పిపోదు. సమూయేలుకు అర్థం కాకపోతే దేవుడు మళ్ళీ మళ్ళీ పిలిచాడు కదా.” 121వ కీర్తనలో ‘ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు’ అని ఉంది. ఆ వాక్యం రాత్రిపూట అమ్మతో కలిసి చెప్పుకోమనండి. దేవుడు మేలుకుని ఉంటాడు కాబట్టి తాను పడుకోవచ్చని పాపకు అర్థమైతే చాలు. కొన్నాళ్ళు గదిలో చిన్న బల్బు వెలిగించి ఉంచమని అమ్మకు చెప్పండి. అది అవిశ్వాసం అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ఇక ఆ బాబు. దయచేసి “నీ విశ్వాసం చాలలేదు” అనో, “అబద్ధాలు ఆడే పిల్లలకు దేవుని స్వరం వినిపించదు” అనో ఎవరినీ అననివ్వకండి. ఐదారేళ్ళ మనసులో ఆ మాట పడితే, దేవుడు తనను వద్దనుకున్నాడన్న ముద్ర చాలాకాలం ఉంటుంది. 3వ అధ్యాయం మొదటి వచనాన్నే వాడికి చదివి వినిపించండి. ఆ రోజుల్లో యెహోవా వాక్కు ప్రత్యక్షమవడం అరుదు అని అక్కడ రాసి ఉంది. అంటే మందిరంలో ఉన్నవాళ్ళకు కూడా అలా చెవికి వినబడడం రోజూ జరిగేది కాదు. సమూయేలు కూడా ముందు రోజు రాత్రి ‘చిత్తమండి’ అని ఎదురు చూస్తూ పడుకోలేదు. “బాబూ, సమూయేలు దేవుణ్ణి పిలవలేదు, దేవుడే సమూయేలును పిలిచాడు. అది దేవుని ఇష్టం. మనతో చెప్పాలనుకున్నది దేవుడు మనకు గ్రంథంలో ఇచ్చాడు, దాన్ని మనం ఎప్పుడంటే అప్పుడు వినవచ్చు” అని చెప్పండి. ఇందులో అబద్ధం లేదు, తప్పించుకోవడమూ లేదు.

ఇక్కడే ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. “ఈ వారం దేవుడు నీతో ఏమి మాట్లాడాడు?” అని చిన్నపిల్లలను వరసగా నిలబెట్టి అడగవద్దు. టీచరును సంతోషపెట్టాలని పిల్లలు ఏదో ఒకటి కల్పిస్తారు. మొదటి పిల్లవాడు “దేవుడు నాకు కలలో కనిపించాడు” అంటే, మిగిలిన పదిమందికీ కలలు వచ్చేస్తాయి. మనం చప్పట్లు కొట్టిస్తాం. దేవుని పేరుతో లేనిది చెప్పడం మనమే నేర్పినట్లవుతుంది. దానికి బదులు “ఈ కథలో దేవుడు ఏమి చెప్పాడు?” అని అడగండి. దానికి జవాబు కథలోనే ఉంది, ప్రతి బిడ్డా చెప్పగలదు. అలాగే ‘దేవుడు హృదయంలో మాట్లాడతాడు’ అన్న మాటను కూడా చిన్నవాళ్ళ దగ్గర పక్కన పెట్టండి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో జీవితమంతా పరిశీలించిన జాఁ పియాజే, సుమారు రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలు కంటికి కనబడేదాన్ని, చేతికి తగిలేదాన్ని ఆధారం చేసుకునే ఆలోచిస్తారని చెప్పాడు. హృదయం అనగానే వాళ్ళు ఛాతీ మీద చేయి వేసుకుని లోపల ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని వింటారు. ఏమీ వినబడకపోతే నిరాశపడతారు.

వచ్చే ఆదివారం కొత్త కథకు వెళ్ళకుండా సమూయేలు కథనే మరోసారి చెప్పమని నా సలహా. ఈసారి మధ్య భాగాన్ని తొందరపడకుండా చెప్పండి. పిల్లలను చాప మీద పడుకోబెట్టండి. ఒక పెద్దబ్బాయిని ఏలీగా గదిలో ఆ చివర కూర్చోబెట్టండి. మీరు “సమూయేలూ!” అని పిలవగానే అందరూ లేచి ఏలీ దగ్గరకు పరుగెత్తి “చిత్తమండి, నేనున్నాను” అనాలి. ఏలీ “నేను పిలవలేదు, వెళ్ళి పడుకో” అంటాడు. ఇలా మూడుసార్లు. రెండోసారికే పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ కథలో నిజంగానే ఆ సందడి ఉంది. మూడోసారి అందరూ తిరిగి పడుకున్నాక ఆగి అడగండి: “మూడుసార్లు పొరపాటు పడ్డాడు కదా, దేవుడు సమూయేలును కోప్పడ్డాడా?” పిల్లలు కాసేపు ఆలోచిస్తారు. లేదు. ఒక్క మాట కూడా అనలేదు. నాలుగోసారి మరింత దగ్గరగా వచ్చి నిలిచి, “సమూయేలూ, సమూయేలూ” అని రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. మీ తరగతిలో ఆ బాబుకు, ఆ పాపకు కావలసిన జవాబు ఇక్కడే ఉంది. మందిరంలోనే పెరిగినా సమూయేలుకు అప్పటికి యెహోవా ఇంకా తెలియదని 7వ వచనం చెబుతుంది. తెలియని బిడ్డ విషయంలో దేవుడు ఓపిక పట్టాడు.

ఇంకొక చిన్న సంగతి. ఏలీ నేర్పిన మాట ‘యెహోవా, నీ దాసుడు ఆలకించుచున్నాడు, ఆజ్ఞయిమ్ము’. సమూయేలు తీరా ఆ సమయానికి ‘నీ దాసుడు ఆలకించుచున్నాడు, ఆజ్ఞయిమ్ము’ అని మాత్రమే అన్నాడు. ‘యెహోవా’ అనే పిలుపు అతని నోట రాలేదు. దేవుడు దాన్ని సరిదిద్దలేదు, మళ్ళీ చెప్పించలేదు. నేరుగా చెప్పవలసినది చెప్పాడు. ప్రార్థనలో ఒక మాట మరచిపోయి బిక్కమొహం వేసే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, ముఖాలు ఎలా విప్పారతాయో.

దేవుడు చెప్పిన సందేశం దగ్గరకు వచ్చేసరికి చాలామంది టీచర్లు కథను ఆపేస్తారు. “దేవుడు మాట్లాడాడు, సమూయేలు విన్నాడు, ఆమెన్” అంటారు. అది న్యాయం కాదు. పిల్లలు “ఏమి చెప్పాడు?” అని తప్పకుండా అడుగుతారు. నాలుగైదేళ్ళ వాళ్ళకు ఇంత చాలు: ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు దేవునికి తెచ్చిన మాంసాన్ని బలవంతంగా లాక్కునేవారు, ఏలీ వాళ్ళను ఆపలేదు, దేవుడు దాన్ని చూశాడు. మూడు ముళ్ళ కొంకితో మాంసం లాగేవారని 2వ అధ్యాయంలో ఉంది. ఆ బొమ్మ వేసి చూపిస్తే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఆ కుమారుల మిగతా పాపాలు ఈ వయసుకు అక్కరలేదు. తొమ్మిది, పదేళ్ళ వాళ్ళకు మాత్రం తెల్లవారిన తరువాత ఏమి జరిగిందో పూర్తిగా చెప్పండి. సమూయేలు తెల్లవారేదాకా పడుకుని, లేచి మందిరపు తలుపులు తీశాడు. ఆ సంగతి ఏలీకి చెప్పడానికి భయపడ్డాడు. రాత్రి లేని భయం పొద్దున్నే వచ్చింది. తనను పెంచిన పెద్దాయనతో “మీ ఇంటివారు తప్పు చేశారు” అని చెప్పాలి మరి. ఏలీయే పిలిచి, నాకేమీ దాచవద్దని అడిగాడు. సమూయేలు అంతా చెప్పాడు. ఏలీ అరవలేదు, కొట్టలేదు, “చిన్నపిల్లాడివి, నీకేమి తెలుసు” అనలేదు. ఆ మాట దేవునిదేనని ఒప్పుకున్నాడు.

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. మనం ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ సమూయేలు వైపే చూస్తాం. “మీరూ సమూయేలులా ఉండాలి” అని పిల్లలకు చెబుతాం. కానీ ఆ గదిలో టీచరు స్థానం ఏలీది. ఏలీకి చూపు మందగించింది, కుమారులను అదుపులో పెట్టలేకపోయాడు, అయినా ఆ రాత్రి రెండు మంచి పనులు చేశాడు. ఒకటి, పిలుస్తున్నది దేవుడని గ్రహించి, బిడ్డను తన దగ్గర పట్టి ఉంచకుండా దేవుని దగ్గరకు పంపాడు. రెండు, ఉదయాన్నే ఆ బిడ్డ చెప్పింది కూర్చుని విన్నాడు, తనకు బాధ కలిగించే మాటైనా సరే. వినే పెద్దలు ఉన్నచోటే పిల్లలకు వినడం వస్తుంది. మీ తరగతిలో ఉన్న నలభై నిమిషాల్లో ఎంతసేపు మీరు మాట్లాడుతున్నారో, ఎంతసేపు పిల్లలు మాట్లాడుతుంటే వింటున్నారో ఒకసారి గమనించండి. కథ పది నిమిషాలు దాటవద్దు. మిగతా సమయంలో సగమైనా పిల్లల నోట మాట వినడానికి ఉంచండి.

దీనితోనే ముడిపడిన ఇంకో విషయం ఉంది. దయచేసి దీన్ని వదిలేయకండి. ‘దేవుని మాట వినాలి, పెద్దల మాట వినాలి’ అని రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పేస్తాం. పిల్లల మనసులో రెండూ ఒకటైపోతాయి. పెద్దవాళ్ళు ఏది చెప్పినా దేవుడు చెప్పినట్లే అనుకుంటారు. ఎవరైనా “దేవుడే నాకు చెప్పాడు, నువ్వు ఇలా చెయ్యాలి, ఎవరికీ చెప్పకు” అంటే ఆ బిడ్డ ఏమి చేయాలి? సమూయేలు కథలో దీనికి స్పష్టమైన జవాబు ఉంది. మందిరంలోనే, యాజకుల ఇంట్లోనే తప్పు జరుగుతుంటే దేవుడు దాన్ని దాచిపెట్టమనలేదు. ఆ తప్పు గురించి ఒక పిల్లవాడితోనే మాట్లాడాడు. కాబట్టి పిల్లలకు సూటిగా చెప్పండి: “నీకు బాధ కలిగేలా, సిగ్గు కలిగేలా ఎవరైనా ప్రవర్తిస్తే, వాళ్ళు చర్చిలో పెద్దవాళ్ళయినా సరే, అమ్మతోనో నాన్నతోనో నాతోనో చెప్పు. చెప్పడం పాపం కాదు. దాచమని చెప్పేవాళ్ళు దేవుని తరపున మాట్లాడడం లేదు.” 1098 అనే పిల్లల సహాయ నంబరును గోడ మీద పెద్ద అంకెలతో అతికించండి. అది పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర లేదు. ఒక బిడ్డ మీతో అలాంటి సంగతి చెబితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. సంఘంలోనే సర్దుకుందామని ఎవరు అన్నా ఒప్పుకోవద్దు.

సమూయేలు తల్లి హన్నా గురించి కూడా ఒక మాట. పాలు విడిచిన బిడ్డను తల్లి షిలోహులోని మందిరంలో వదిలి వెళ్ళిందని చెప్పగానే కొందరు పిల్లల ముఖాలు మారిపోతాయి. ముఖ్యంగా హాస్టల్లో ఉండి చదివే పిల్లలు, అమ్మానాన్నలు పని కోసం దూరాన ఉంటే అమ్మమ్మ ఇంట్లో పెరిగే పిల్లలు. “మా అమ్మ కూడా నన్ను చర్చిలో ఇచ్చేస్తుందా?” అని ఒకరైనా మనసులో అనుకుంటారు. అది హన్నా తన మొక్కుబడి ప్రకారం చేసిన పని, మీ అమ్మానాన్నలను దేవుడు అలా అడగలేదు అని చెప్పండి. ఆమె ప్రతి సంవత్సరం చిన్న అంగీ కుట్టి తెచ్చేదని తప్పకుండా చెప్పండి. ఎదిగే బిడ్డకు ఏటేటా కొంచెం పెద్ద అంగీ కావాలి కదా. కాగితంతో చిన్నది, మధ్యస్థంగా ఉన్నది, పెద్దది అంగీలు కత్తిరించి పిల్లలతో రంగులు వేయించండి. అమ్మ దూరంగా ఉన్నా మరచిపోలేదని పిల్లలకు చేతులతోనే తెలుస్తుంది.

ఇక ఆట. ఒక బిడ్డను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోమనండి. వెనక నుంచి ఇంకొకరు పేరు పెట్టి పిలవాలి. ఎవరు పిలిచారో చెప్పాలి. రోజూ కలిసి ఆడుకునే స్నేహితుని గొంతు వెంటనే పోల్చుకుంటారు, కొత్తగా చేరిన పిల్లల గొంతు పోల్చుకోలేరు. అప్పుడు అడగండి, ఎందుకు అని. “వాడు నాతో రోజూ ఉంటాడు కాబట్టి” అని వాళ్ళే చెబుతారు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో ‘నా గొఱ్ఱెలు నా స్వరము వినును’ అని యేసు చెప్పిన మాటను అక్కడ చదవండి. మన ఊళ్ళలో మేకలనూ గొర్రెలనూ తోలుకెళ్ళే కాపరి ఒక్క కేక వేస్తే మంద ఎలా మళ్ళుతుందో చూసిన పిల్లలు మీ తరగతిలో ఉంటే, వాళ్ళతోనే చెప్పించండి. మీరు చెప్పడం కంటే బాగా చెబుతారు.

మౌనం నేర్పడానికి హోరేబు కొండ మీద ప్రవక్త ఏలీయా సంగతిని కొంచెంగా వాడుకోవచ్చు. మొదటి రాజులు 19వ అధ్యాయం. బలమైన గాలి, భూకంపం, ఆ తరువాత అగ్ని. వాటిలో యెహోవా లేడు. చివరికి మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే ఒక స్వరం వినబడింది. మన ఆరాధనల్లో మైకు, కీబోర్డు, ప్యాడ్లు అన్నీ కలిసి గట్టిగా మోగుతాయి. పెద్దల కూడికకు అది ఎలా ఉన్నా, పిల్లల గదిలో మాత్రం మైకు వద్దని నా గట్టి అభిప్రాయం. “నిశ్శబ్దం!” అని అరిచి నిశ్శబ్దం తేవడం కూడా వద్దు. మీ గొంతు తగ్గించండి, వాళ్ళ గొంతులు వాటంతట అవే తగ్గుతాయి. పది ఊపిరులు లెక్కపెట్టేంతసేపు కళ్ళు మూసుకుని, బయటి నుంచి ఏయే శబ్దాలు వస్తున్నాయో వినమనండి. ఫ్యాను, కాకి, ఆటో, పక్కింట్లో కుక్కరు విజిల్. తరువాత ఆ పేర్లు చెప్పించండి. ఆ తరువాత ఒకే ఒక వాక్యాన్ని మెల్లగా చదవండి. ఐదేళ్ళ బిడ్డకు అరనిమిషం మౌనం చాలా ఎక్కువ. అంతకంటే ఆశించవద్దు.

మూడో ఆదివారానికి యోనా కథ తీసుకోండి, కానీ మామూలుగా చెప్పే పద్ధతిలో కాదు. ‘దేవుని మాట వినకపోతే చేప మింగేస్తుంది’ అని భయపెట్టే కథగా అది మన దగ్గర స్థిరపడిపోయింది. గ్రంథంలో ఉన్నది వేరు. దేవుడు నీనెవె నగరానికి వెళ్ళమంటే యోనా యొప్పేకు దిగి తర్షీషుకు పోయే ఓడ ఎక్కాడు. సముద్రంలో మునిగిపోవలసినవాణ్ణి ఆ చేప బతికించింది. 2వ అధ్యాయమంతా చేప కడుపులో నుంచి యోనా చేసిన ప్రార్థనే, అందులో కృతజ్ఞత ఉంది. 3వ అధ్యాయం మొదటి మాటే యెహోవా వాక్కు రెండవసారి యోనాకు వచ్చిందని. పారిపోయినవాడితో దేవుడు మళ్ళీ మాట్లాడాడు! సమూయేలును నాలుగుసార్లు పిలిచిన దేవుడే ఈయన అని పిల్లలకు గుర్తు చేయండి. తెలియక వినని సమూయేలు, తెలిసి కూడా వినని యోనా, ఇద్దరినీ విడిచిపెట్టలేదు. కథను నీనెవె వాళ్ళు మారుమనసు పొందడంతో ఆపవద్దు. తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయిందని యోనా అలిగినప్పుడు దేవుడు అడిగిన ప్రశ్నతో పుస్తకం ముగుస్తుంది. లక్షా ఇరవై వేల మందికి మించిన జనం, ఎన్నో పశువులు ఉన్న నగరం గురించి నేను విచారపడవద్దా అని. పశువుల గురించి కూడా దేవుడు ఆలోచించాడని వింటే చిన్నపిల్లలకు ఎంత ఇష్టమో మీరే చూస్తారు.

నాలుగో ఆదివారం మత్తయి 7వ అధ్యాయంలోని రెండు ఇళ్ళు, ఒకటి బండ మీద, ఒకటి ఇసుక మీద కట్టినవి. ఇక్కడ పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: “ఇద్దరిలో యేసు మాటలు విన్నది ఎవరు?” బండ మీద కట్టినవాడు అని అందరూ అరుస్తారు. కాదు, ఇద్దరూ విన్నారు. చేసినవాడు ఒక్కడే. ఎండాకాలంలో ఎండిపోయిన వాగు చూసిన పిల్లలకు ఈ ఉపమానం చక్కగా అర్థమవుతుంది. చదునుగా, మెత్తగా ఉండే ఆ ఇసుక ఇల్లు కట్టుకోవడానికి అనువుగానే కనిపిస్తుంది, వాన వచ్చేదాకా. ఒక పళ్ళెంలో ఇసుక, ఇంకోదానిలో రాయి పెట్టి, అగ్గిపెట్టెలతో ఇళ్ళు కట్టించి చెంబుతో నీళ్ళు పోయించండి. కొంచెం తడిసినా పరవాలేదు. ఆ తరువాత ప్రతి బిడ్డా ఈ వారం చేయగల ఒక్క చిన్న పని చెప్పాలి. తీసుకున్న పెన్సిలు తిరిగి ఇవ్వడం, తమ్ముడితో బొమ్మ పంచుకోవడం, నానమ్మకు మంచినీళ్ళు ఇవ్వడం. ‘అందరినీ ప్రేమిస్తాను’ వంటి పెద్ద మాటలు ఒప్పుకోకండి. “ఎవరిని? ఏమి చేసి?” అని అడగండి. మరుసటి వారం చేసినవాళ్ళు చెబుతారు, చేయనివాళ్ళను నిలదీయవద్దు.

కంఠత వాక్యం విషయంలో నా పద్ధతి చెబుతాను. నెలంతా ఒకటే వాక్యం: ‘నీ దాసుడు ఆలకించుచున్నాడు’. నాలుగేళ్ళ పిల్లలకు అంతే. పెద్దవాళ్ళకు 119వ కీర్తన 105వ వచనం చేర్చండి: ‘నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది’. ఇప్పుడు చాలామంది పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు, బైబిల్లోని తెలుగు వాళ్ళకు కొత్త. అమెరికాలో, గల్ఫ్ దేశాల్లో ఉన్న మనవాళ్ళ పిల్లలయితే తెలుగు అక్షరాలే చదవలేరు. అందుకే చదివించడం కాకుండా సైగలతో, రాగంతో, విడివిడిగా పలికించండి. మొదట చెప్పినవారికి చాక్లెట్ అనే పోటీ మాత్రం మానేయండి. ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురికే బహుమతి వస్తుంది. మిగిలిన పిల్లలు దేవుని మాట అంటే తాము ఓడిపోయే పందెమని నేర్చుకుంటారు. ఇవ్వాలనుకుంటే అందరికీ ఇవ్వండి.

కుదురుగా కూర్చోలేని పిల్లలు వినడం లేదని నిర్ణయించవద్దు. కాలు ఊపుతూ, చాప పీకుతూ ఉన్న పిల్లాణ్ణి తరువాత అడిగి చూడండి, కథ మొత్తం చెబుతాడు. వాడికి దీపం పట్టుకునే పని ఇవ్వండి, తలుపులు తెరిచే పని ఇవ్వండి. వినికిడి లోపం ఉన్న బిడ్డ మీ సంఘంలో ఉంటే ఈ నెల అంశం ఆ బిడ్డను బయట నిలబెట్టకుండా చూసుకోండి. ‘చెవులతో వినాలి’ అనే పాటలు, సైగలు తగ్గించండి. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మాట పోయిన జెకర్యాతో చుట్టూ ఉన్నవాళ్ళు సైగలతో మాట్లాడారు, ఆయన పలక అడిగి రాసి జవాబిచ్చాడు. దేవుని పని ఆ ఇంట్లో ఆగలేదు. ఆ బిడ్డకు సమూయేలు పాత్రే ఇవ్వండి. పిలుపు కోసం భుజం తట్టండి.

చివరగా తల్లిదండ్రులు. మీ దగ్గర పిల్లలు ఉండేది వారానికి ఒక గంట కూడా కాదు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ‘ఇశ్రాయేలూ వినుము’ అన్న వెంటనే, ఈ మాటలు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ఉంది. మందిరంలో అని లేదు. అందుకే ప్రతి ఆదివారం ఒక చిన్న చీటీ మీద రెండే రెండు వాక్యాలు రాసి పంపండి: ఈ వారం చెప్పిన కథ ఏమిటి, పడుకునే ముందు బిడ్డను అడగవలసిన ప్రశ్న ఏమిటి. “ఏమి నేర్చుకున్నావు?” అనే ప్రశ్న వద్దు, దానికి పిల్లలు “మంచిగా ఉండాలి” అని ఒకే జవాబు చెబుతారు. సమూయేలు కథకు “మూడోసారి లేచి వెళ్ళినప్పుడు సమూయేలుకు ఏమనిపించి ఉంటుంది?” అని అడగమనండి. చదవడం రాని అమ్మానాన్నలకు చీటీకి బదులు ఫోనులో చిన్న వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆ పాప వాళ్ళ అమ్మకు మాత్రం ఆదివారం వరకు ఆగకుండా ముందే ఫోను చేసి, రెండు మూడు రాత్రుల తరువాత పాప ఎలా పడుకుంటోందో కనుక్కోండి. భయం వారాల తరబడి తగ్గకపోయినా, పగలు కూడా ఎవరో పిలుస్తున్నారని పాప చెబుతున్నా, ప్రార్థనతో పాటు పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పండి.